ఓటు అడిగినవాడికే అన్నం

1964లో, చెరకు సీజను ముగింపుకొస్తున్న రోజుల్లో, నన్ను నిజామాబాద్ జిల్లా పంచాయతీ కార్యాలయంలోని గుమాస్తా కుర్చీ నుంచి లేపి బోధన్ వైపు ఒక పంచాయతీ సమితికి విస్తరణాధికారిగా పంపారు. పంచాయతీల విస్తరణాధికారి అంటే పేరు పొడుగు, అధికారం పొట్టి. సమితిలో బి.డి.ఓ. గారి కింద వ్యవసాయానికి ఒకరు, పశువులకు ఒకరు, సహకార సంఘాలకు ఒకరు ఇలా విస్తరణాధికారులు ఉండేవారు. గ్రామ పంచాయతీల సమావేశాలు, పన్నులు, తగాదాలు నా వాటా. వ్యవసాయం ఆయన ఊళ్లోకి వస్తే రైతులు విత్తనాలు అడిగేవారు. పశువుల ఆయన వస్తే ఎద్దుల్ని తోలుకొచ్చేవారు. నేను వస్తే ఇంటిపన్ను గుర్తొచ్చి తలుపులు వేసుకునేవారు.

నేను చేరిన కొద్ది రోజులకే పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. కొత్త చట్టం, కొత్త నిబంధనలు. ఇంట్లో కూర్చుని ఆ నిబంధనల పుస్తకాన్ని పరీక్షకు చదివినట్లు చదివాను. నామినేషను ఎలా వేయాలి, ధరావతు ఎంత కట్టాలి, పరిశీలన ఎప్పుడు, ఉపసంహరణ ఎప్పుడు, గుర్తులు ఎలా కేటాయించాలి, అన్నీ ఉన్నాయి. పెట్టెకు లక్కముద్ర వేసే పద్ధతి గురించే బోలెడంత ఉంది. అభ్యర్థి ఎంత ఖర్చు పెట్టవచ్చో మాత్రం నా చేతికిచ్చిన పుస్తకంలో ఒక్క వాక్యం లేదు. లంచం ఇవ్వడం నేరమని ఉంది. కాని అన్నం పెట్టడాన్ని లంచం అనడానికి మా ప్రాంతంలో ఎవరికీ నోరు రాదు.

ఊరి పేరు రాయను. చందూర్ చుట్టుపక్కల, కాలువ కింద ఉందని మాత్రం చెప్తాను. ఆ ఊరు రెండు ముక్కలు. పాత ఊళ్లో వరి, పసుపు, చెరకు పండించే స్థానిక రైతులు ఉండేవారు. కాలువకు అవతల కోస్తా జిల్లాల నుంచి వచ్చి భూములు కొనుక్కున్న రైతుల ఇళ్లు. ఆ ఇళ్ల వరుసను అందరూ క్యాంపు అనేవారు. ఎన్నేళ్లయినా అది క్యాంపే, అక్కడ పుట్టి పెరిగిన పిల్లలు కూడా క్యాంపోళ్లే. ఈ రెండూ కాక ఊరికి దక్షిణాన ఒక వాడ ఉండేది. మా కాగితాల్లో దాన్ని హరిజనవాడ అని రాసేవాళ్లం. చెరకు కొట్టేదీ, నాట్లు వేసేదీ, కాలువల్లో పూడిక తీసేదీ ఆ వాడ మనుషులే. మొత్తానికి కలిపి పంచాయతీ ఒకటే.

ఆ రోజుల్లో ఓటర్లు వార్డు సభ్యులను ఎన్నుకుంటే, ఆ సభ్యులు తమలో ఒకరిని సర్పంచ్‌గా ఎన్నుకునేవారు. కాబట్టి పోటీ అసలు రెండు జట్ల మధ్య. అన్ని వార్డుల్లో నిలబడ్డ తన మనుషుల ఖర్చంతా జట్టు నాయకుడే పెట్టుకోవాలి. ఆ ఖర్చులో కరపత్రాలకూ మైకులకూ పోయేది చాలా తక్కువ, తిండికి పోయేదే ఎక్కువ. పాత ఊరి జట్టు మేకను కోస్తే క్యాంపు జట్టు లడ్లు చేయించేది. ఆ సంగతి తెలిసి పాత ఊరి జట్టు రెండు మేకల్ని కోసేది. కల్లు కుండల సంగతి చెప్పనక్కర్లేదు. వాడకు మాత్రం విందు బండి మీద వెళ్లేది. గంగాళాలు, విస్తరాకుల కట్టలు వేసుకుని బండి వాడ మొదట్లో ఆగేది. వడ్డించేవాళ్లు బండి దిగకుండానే వడ్డించి వచ్చేవారు.

చెరకు డబ్బు చేతికొచ్చే కాలమూ, ఎన్నికల కాలమూ ఆ ఏడు ఒకటే అయ్యాయి. ఇక చూసుకోండి.

ఒక మధ్యాహ్నం సమితి ఆఫీసుకు ఒకావిడ వచ్చింది. నలభై దాటిన మనిషి. చెప్పులు గుమ్మం బయట విడిచి, కుర్చీ చూపిస్తే వద్దని, నా బల్లకు ఎదురుగా నిలబడి తన పేరు సాయవ్వ అని చెప్పింది. పాత ఊరి జట్టు నాయకుడు గంగారెడ్డి భార్య. 

“సారు, మా ఆయన మల్ల నిలబడుతుండు. పోయినసారి రెండెకరాలు తిండ్లకే పోయినయి, మల్ల ఓడిపోయిండు. ఇగ మాకు మిగిలింది తూము కింది మూడెకరాల చెరుకే. బోధన్ల సావుకారు కాగితం రాసుకొని కూసున్నడు. దస్కతు ఒక్కటే తక్కువ.”

ఆయన్ను నిలబడవద్దని చెప్పలేవా అని అడిగాను. చెప్పొచ్చుననీ, వింటే మాత్రం ఊళ్లో తల ఎత్తుకోలేడనీ, తల ఎత్తుకోలేని మొగనితో బతుకంతా వేగడం తన వల్ల కాదనీ చెప్పింది. ఆ మూడెకరాలు ఇద్దరూ కలిసి పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, ఏళ్ల తరబడి కూడబెట్టి కొన్నవట. అవి పోతే రేపటి నుంచి ఎవరి చేలోనో కూలికి వంగాలి. ఆమెకు కావలసింది మొగుడు పోటీ మానడం కాదు, వండి పెట్టడం మానడం. ఆయన ఒక్కడూ మానితే పిసినారి అంటారు, ఇద్దరూ మానాలి.

“సర్కారోళ్లు గద, తిండ్లు పెట్టొద్దని ఏదన్న రూలు ఉంటది సూడుండ్రి,” అంది.

లేదని చెప్పాను.

“లేకుంటె రాయిండ్రి. కలం మీ చేతులనే ఉన్నది గద.”

నా సర్వీసులో నా కలం మీద అంత నమ్మకం పెట్టిన మనిషి ఇంకొకరు లేరు. ఆ నమ్మకాన్ని ఏం చేసుకోవాలో తెలియక మర్నాడు సైకిలు మీద బోధన్ వెళ్లి డివిజనల్ పంచాయతీ అధికారి గారి ముందు నిలబడ్డాను. సమితుల పంచాయతీ వ్యవహారాలన్నీ చూసే అధికారి ఆయన, నాకు పై మెట్టు. అంతా విని, గెజెటులో లేనిది రూలు కాదన్నారు. అయితే రెండు జట్లూ తమంత తాము ఖర్చు తగ్గించుకుంటామంటే అడ్డుపడే రూలు కూడా లేదన్నారు. నేను సంతోషంగా నమస్కారం పెట్టి లేస్తుంటే వెనక నుంచి పిలిచి, ఫైలు మాత్రం తెరవవద్దని చెప్పారు. అంత మంచి ఉత్తర్వు ఆయన దగ్గర నేను మళ్లీ తీసుకోలేదు.

ఉపసంహరణ గడువు అయిపోయి గుర్తులు ఇచ్చిన రోజు సాయంత్రం, ఊరి బడిలో రెండు జట్లనూ కూర్చోబెట్టాను. ఒక పక్క గంగారెడ్డి. ఆజానుబాహువు, గట్టిగా నవ్వే మనిషి, మీసం మీద చెయ్యి వేయకుండా మాట పూర్తి చేయడు. ఇంకో పక్క క్యాంపు జట్టు నాయకుడు వీరభద్రరావు. సన్నగా, తెల్లగా, మల్లెపువ్వులాంటి పంచెతో, కడుపులో ఎప్పుడూ ఏదో ఇబ్బంది ఉన్నవాడిలా ఉండేవాడు. తర్వాత తెలిసింది, నిజంగానే ఉండేది. ఇద్దరికీ ఖర్చంటే లోపల గుబులే. ఆ మాట ముందు ఎవరు అంటే వాళ్లు తగ్గినట్లు. అందుకే నేనే అన్నాను.

జట్టుకు ఇంత కంటే ఎక్కువ ఖర్చు చేయకూడదని ఒక హద్దు పెట్టుకుందామన్నాను. ఇద్దరూ వెంటనే సరేనన్నారు. అంత తొందరగా సరే అన్నప్పుడే నాకు అనుమానం రావలసింది. పావుగంట గడిచేసరికి బండారం బయటపడింది. గంగారెడ్డి తాను పెట్టడట, బామ్మర్ది పెడతాడట. బామ్మర్ది పెట్టింది జట్టు ఖర్చు కాదట. వీరభద్రరావు కూడా ఏమీ పెట్టడు. కాని సరిగ్గా పోలింగు ముందు రోజే ఆయన మనవరాలికి చెవులు కుట్టిస్తున్నారట, శుభకార్యానికి ఊరిని పిలవకపోతే ఎలా అన్నాడు. వెంటనే పాత ఊరి వాళ్లకు మైసమ్మ మొక్కు గుర్తొచ్చింది. మొక్కుకున్న మేక ఎన్నికల ఖర్చు కిందికి వస్తుందా రాదా అని నన్ను అడిగారు. నా పుస్తకంలో మేకల ప్రస్తావన లేదు. నా హద్దు ఆ సాయంత్రమే గంగలో కలిసింది.

అప్పుడు కిటికీ అవతల ఆడవాళ్ల మధ్య నిలబడ్డ సాయవ్వ లోపలికి వచ్చింది. మొగుడి వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. అందరితో అన్నట్లుగా అంది.

“నాకొక్కటి సెప్పుండ్రి. ఓటు అడిగేది ఎవలు? మీరు. అడుక్కునేటోడు అన్నం పెడుతడా, పెట్టించుకుంటడా? ఓట్లు గావాల్నంటె ఇంటింటికి పోయి ఆ ఇంట్ల ఏది పెడితె అది తినుండ్రి. నోరు కాళీ అయితె ఓటు అడుగుండ్రి.”

ముందు క్యాంపు వాళ్లలో ఒకరు నవ్వారు, దాంతో బడి అంతా నవ్వింది. నవ్వులాటగా మొదలైనది నవ్వుతూనే నిర్ణయమైపోయింది. వీరభద్రరావు కడుపు రెండు రోజులు కూడా తట్టుకోదని పాత ఊరి వాళ్లు లోలోపల సంబరపడ్డారు. గంగారెడ్డి క్యాంపు వంటల ముందు ఓట్లే మరిచిపోతాడని క్యాంపు వాళ్లు సంబరపడ్డారు. అందరి ముందు మాట తీసుకున్నాం. ఇద్దరు నాయకులూ కలిసే తిరగాలి. ఎవరి ఓటు అడిగితే వారి ఇంట్లో పెట్టింది తినాలి. పోలింగు అయ్యేదాకా తమ ఇళ్లలో గాని, బామ్మర్దుల ఇళ్లలో గాని, ఓటరుకు టీ నీళ్లు కూడా పోయకూడదు. ఎవరు మాట తప్పినా రెండోవాడికి ఒప్పందం లేదు. చెవులు కుట్టడం వాయిదా పడింది. మైసమ్మ కూడా ఆగడానికి ఒప్పుకుంది.

ఆ తర్వాతి రోజులు నా ఉద్యోగంలోకెల్లా ఆనందంగా గడిచిన రోజులు. ఇన్నేళ్లుగా తమకు పెట్టినవాళ్లకు తాము పెట్టే అవకాశం వచ్చేసరికి ఊరికి పండగ పట్టుకుంది. ఒక్క ముద్ద పెడితే చాలని మేం చెప్పాం, ఎవరు విన్నారు? పాత ఊళ్లో జొన్నరొట్టె, పుంటికూర, పచ్చిపులుసు, అడుగు నిండా నూనె కారే సర్వపిండి పెట్టేవారు. వీరభద్రరావు జీవితంలో మొదటిసారి అంబలి తాగి, రెండో లోటా అడిగి మరీ తాగాడు. కాలువ దాటితే క్యాంపులో గారెలు, పులిహోర, ఉలవచారు. గంగారెడ్డి ఉలవచారు చూసి, మా ఎడ్లకు పెట్టే ఉలవలతో ఇంత పని చేస్తరా అని ఆశ్చర్యపోయాడు. ఒక ఇంట్లో గోంగూర పచ్చడి వేస్తే, ఇది మా పుంటికూరే కదా అన్నాడు. ఆ ఇల్లాలు కాదంది. ఆకు తెచ్చి చూపించేదాకా ఇద్దరూ తగ్గలేదు.

నేను ఊహించని లాభం ఇంకొకటి కనబడింది. ఉపన్యాసం ఇవ్వడానికి ఇద్దరికీ నోరు ఖాళీ ఉండేది కాదు. వాళ్లు నములుతుంటే ఓటర్లు మాట్లాడేవారు. కాలువ చివరి పొలాలకు నీళ్లు రావడం లేదని ఒకరు, చెరకు బండ్లు ఫ్యాక్టరీకి పోయే దారిలో ఇరుసులు విరుగుతున్నాయని ఒకరు, బడి పైకప్పు కారుతోందని ఇంకొకరు చెప్పేవారు. నాయకులిద్దరూ తల ఊపడం తప్ప ఏమీ చేయలేకపోయేవారు. తల ఊపినట్లు ఇంటిల్లిపాదీ చూసేవారు.

మూడోనాటికి గంగారెడ్డి నవ్వు తగ్గింది. వీరభద్రరావు జేబులో నుంచి వామూ ఉప్పూ కలిపిన పొట్లం తీసి, “రెడ్డిగారూ, ఇది కాస్త నోట్లో వేసుకోండి. మనకింకా చాలా ఇళ్లున్నాయి,” అని చేతిలో పోశాడు. అంతకుముందు వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం ఊరు చూసి ఎరగదు.

ఇక నా సంగతి. సాక్షిగా వెంట తిరిగేవాణ్ని కాబట్టి ఒక ముద్ద నాకూ దొరుకుతుందనుకున్నాను. మొదటి ఇంట్లోనే ఒక ముసలవ్వ నన్ను ఎగాదిగా చూసి, “సారుకు మన ఓటుతోని ఏం పని? ఓటు అడిగినోనికే అన్నం,” అంది. ఆ మాట నా కంటే ముందు ఇంటింటికీ చేరింది. సంచిలో అటుకులు, బెల్లం ముక్క తెచ్చుకుని కాలువ గట్టు మీద కూర్చుని తినేవాణ్ని. లోపల నుంచి నేతి వాసన వచ్చేది. ఒప్పందానికి ఫైలు లేదు కాబట్టి ఫిర్యాదు చేయడానికీ వీల్లేకపోయింది.

ఇంత సరదాలోనూ ఎవరికీ తోచని సంగతి ఒకటి ఉండిపోయింది. దాన్ని పోశవ్వ తెచ్చింది. వాడలో పెద్దమనిషి ఆమె. నాట్ల కాలంలో ఆడకూలీలను పోగుచేసి పొలాలకు తీసుకెళ్లేది, ఆమె కాదంటే ఎవరి మడిలోనూ నాటు పడదు. ఒక పొద్దున గంగారెడ్డి ఇంటి ముందు జట్ల వాళ్లంతా బయల్దేరడానికి నిలబడి ఉండగా వచ్చి, కాస్త దూరంలో ఆగి అడిగింది.

“పటేలా, రేపు మా వాడకు వస్తున్నరంట గద. ఏం వండమంటరు?”

బడిలో మాట ఇచ్చినప్పుడు ఊరంతా ఉంది, కిటికీ అవతల వాడ కూడా ఉంది. ప్రతి ఇంట్లో పెట్టింది తినాలని గట్టిగా అన్నది మేమే. ఇల్లు అంటే ఏయే ఇళ్లో మాలో ఒక్కరికీ ఆలోచన రాలేదు. వాడకు బండి మీద అన్నం పంపడం వాళ్లందరికీ అలవాటే. వాడలో అన్నం తినడం అనేది మాత్రం ఎవరి ఊహలోనూ లేదు. గంగారెడ్డి చెయ్యి మీసం దాకా వెళ్లి ఆగిపోయింది.

పెద్దలు పక్కకు వెళ్లి మాట్లాడుకున్నారు. ఆ ఎన్నికల్లో రెండు జట్ల పెద్దలూ ఒక్క మాట మీద నిలబడింది ఆ పూటే. వాడవాళ్లు అరటిపండ్లు, కొబ్బరికాయలు పెడితే సరిపోతుందని తీర్మానించారు. పోశవ్వ విని, కోపం లేకుండానే బదులిచ్చింది.

“ఇంట్ల ఏది పెడితె అది అన్నరు. పండ్లని ఎవలు అన్లే. మా ఇండ్లల్ల పొయ్యి లేదా పటేలా? తినబుద్ధి గాకుంటె తినకుండ్రి. ఓటు గుడ అడగకుండ్రి.”

వాడకు రెండు వార్డులు. అవి ఎటు మొగ్గితే సర్పంచ్ పదవి అటు. అడగకుండా ఉండటం కుదరదు. గంగారెడ్డి బామ్మర్ది అప్పుడే, ఇదంతా మొదటి నుంచీ పిచ్చి ఒప్పందమేనని, దీన్ని అవతల పారేసి ఎప్పటిలాగే మేకల్ని కోసి బండి కట్టిద్దామని అన్నాడు. క్యాంపులోనూ కొందరు అదే నయమన్నారు. ఒప్పందం పోతే విందులు వస్తాయి. విందులు వస్తే సావుకారు కాగితం మీద దస్కతు పడుతుంది. ఆ లెక్క అక్కడున్న అందరికంటే ముందు సాయవ్వకు తెలిసింది. ఆమె ముఖం పాలిపోవడం నేను చూశాను. ఆమె సంస్కర్త కాదు. ఆ ఊరి ఆచారాల్లోనే పుట్టి పెరిగిన మనిషి. నాతో చిన్నగా, “నేను ఇంత దూరం అనుకోలే సారు,” అంది. నేనూ అనుకోలేదు.

గంగారెడ్డి ఒప్పందం ఉందని గాని లేదని గాని అనకుండానే ఆ రోజు గడిచింది. మర్నాడు వాడకు వెళ్లాం, రోజూ ఇళ్లు తిరిగిన అలవాటుకు కాళ్లే అటు పోయాయి. పోశవ్వ ఇంటి ముందు అలికిన జాగాలో రెండు విస్తరాకులు పరిచి ఉన్నాయి. వేడన్నం, పచ్చిపులుసు, పక్కన ఉల్లిపాయ. మాంసం జోలికి పోలేదు. వాళ్లకు ఇబ్బంది కాకూడదని కావాలనే మానిందని తర్వాత విన్నాను. వాడంతా అరుగుల మీద నిలబడి చూస్తోంది. ఊరి నుంచి వెంట వచ్చినవాళ్లు వాడ మొదట్లోనే ఆగిపోయారు.

నాయకులిద్దరూ విస్తరాకుల ముందు నిలబడ్డారు. గంగారెడ్డి వీరభద్రరావు వైపు చూశాడు. వీరభద్రరావు గంగారెడ్డి వైపు చూశాడు. ఒకడు కూర్చుని రెండోవాడు కూర్చోకపోతే రెండు వార్డులూ కూర్చున్నవాడివే. ఆ సంగతి ఇద్దరి కళ్లలోనూ స్పష్టంగా కనబడుతోంది. గంగారెడ్డి మోకాలు కొంచెం వంగినట్లు అనిపించిందో లేదో, వీరభద్రరావు మల్లెపువ్వులాంటి పంచెతో నేల మీద చతికిలబడ్డాడు. గంగారెడ్డి కూడా అదే క్షణంలో కూలబడ్డాడు. ముందెవరు కూర్చున్నారని ఆ ఊళ్లో చాలాకాలం వాదనలు నడిచాయి. పక్కనే ఉన్న నాకే తెలియదు. మంచితనం వల్ల కూర్చున్నారని నేను రాయను. పోటీ వల్ల కూర్చున్నారు. కాని కూర్చున్నారు, తిన్నారు.

మొదటి ముద్ద ఇద్దరూ తల ఎత్తకుండా మింగారు. రెండోది సాఫీగా దిగింది. మూడో ముద్దకు గంగారెడ్డి తల ఎత్తి, పులుసు మా ఇంట్ల దాని కంటె మంచిగున్నది అన్నాడు. వాడంతా గొల్లున నవ్వింది. వాళ్లు నములుతుండగా పోశవ్వ, తాగునీటికి వాడలో బావి లేదనీ, ఊరి బావి దగ్గర ఎవరో ఒకరు తోడి పోసేదాకా ఆడవాళ్లు బిందెలు పట్టుకుని నిలబడాల్సి వస్తోందనీ చెప్పింది. ఇద్దరూ తల ఊపారు. అంతమంది చూస్తుండగా ఊపారు.

అప్పుడు సాయవ్వ వాడ మొదట్లో నిలబడ్డ గుంపులో నుంచి నడుచుకుంటూ వచ్చింది. మొగుడి పక్కన నేల మీద కూర్చుంది.

పోశవ్వ కాస్త తత్తరపడి, “పటేలమ్మా, నువ్వు ఓటు అడుగుతలేవు గద,” అంది.

“ఓటు గాదక్కా, అన్నమే అడుగుతున్న. ఆకలైతుంది,” అంది సాయవ్వ.

పోశవ్వ లోపలికి వెళ్లి ఇంకో ఆకు తెచ్చింది. తన చేత్తోనే వడ్డించింది. నాకు కళ్లు చెమర్చాయి. విస్తరణాధికారికి సర్కారు అందుకు జీతం ఇవ్వదు కాబట్టి కాలువ వైపు తిరిగి నిలబడ్డాను. కాసేపటికి వెనక నుంచి పోశవ్వ గొంతు వినిపించింది. సారు గుడ నిలబడ్డడు, ఆయనకింత పెట్టుండ్రి, అంటోంది. ఓటు అడగకపోయినా ఆ ఊళ్లో నాకు దొరికిన మొదటి అన్నం అదే.

ఊళ్లో గొణుగుడు లేకపోలేదు. వాడలో తిన్నవాళ్లను వెలివేయాలని ఇద్దరు ముగ్గురు పెద్దలు అన్నారు. వెలివేయడం మొదలుపెడితే రెండు జట్ల నాయకులనూ వేయాలి, వాళ్ల వెంట రెండు జట్లనూ వేయాలి. లెక్క తేలేసరికి వెలివేసేవాళ్లే ముగ్గురు మిగిలేట్లున్నారు. ఆ మాట అక్కడితో ఆగింది.

పోలింగు ప్రశాంతంగా జరిగింది. వాడలోని రెండు వార్డుల్లో ఒకటి ఇటు, ఒకటి అటు పడ్డాయి. మొత్తం మీద ఒక్క వార్డు తేడాతో క్యాంపు జట్టు గెలిచి వీరభద్రరావు సర్పంచ్ అయ్యాడు. గంగారెడ్డి మళ్లీ ఓడిపోయాడు. పోయినసారి ఓడిన రోజు ఆయన ఇంట్లో నుంచి బయటికి రాలేదట. ఈసారి ఫలితం వినగానే ఆయన నవ్విన నవ్వు బడి ప్రహరీ అవతలికి వినబడింది. ఓడిన, గని అమ్ముకోలే సారు, అని నా భుజం మీద చరిచాడు. ఆ భుజం రెండు రోజులు నొప్పి పెట్టింది.

ఆ సాయంత్రం సాయవ్వ పొయ్యి వెలిగించింది. పోలింగు అయిపోయింది కాబట్టి ఇప్పుడు ఎవరికి పెట్టినా ఎవరూ ఏమీ అనడానికి లేదంది. కొత్త సర్పంచ్ మెళ్లో దండతో మొదట వచ్చింది ఆ ఇంటికే. రాగానే వామూ ఉప్పూ పొట్లం గంగారెడ్డి చేతికిచ్చాడు. పోశవ్వ కూడా వచ్చి అరుగు మీద కూర్చుని తిన్నది. ఆమెను ఇంట్లోకి పిలవడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. తూము కింది మూడెకరాల్లో ఆ ఏడు చెరకు మనిషి కంటే ఎత్తుగా పెరిగింది. వాడలో బావి తవ్వకం మొదలైన రోజు నేనే కొబ్బరికాయ కొట్టాను.

జరిగిందంతా వివరంగా రాసి, దీన్ని నమూనాగా తీసుకుని ఎన్నికల ఖర్చుకు ఒక నిబంధన చేయవచ్చునేమో పరిశీలించమని పైకి పంపాను. ఇట్టి ప్రతిపాదనకు ప్రస్తుత నిబంధనలలో అవకాశం లేదని జవాబు వచ్చింది. నిబంధన లేదనే కదా నేను రాసింది.

1970 ఎన్నికల నాటికి నేను డిచ్‌పల్లి వైపు పనిచేస్తున్నాను. ఆ ఊళ్లో కొత్త తరం నాయకులు పాత ఒప్పందాన్ని పక్కన పెట్టి, ఒక మధ్యాహ్నం మళ్లీ గంగాళాలతో బండి కట్టించి వాడకు తోలారు. బండి వాడ మొదట్లో ఆగింది. పోశవ్వ ఎదురొచ్చి, “ముందుగాల మీరొచ్చి మా ఇండ్లల్ల తినిపోండ్రి. ఆ తర్వాత మీదేందో మేం తింటం,” అందట. విస్తరాకు పట్టుకోవడానికి ఒక్కరూ రాలేదు. బండి వచ్చిన దారినే తిరిగిపోయింది. ఈ సంగతి గంగారెడ్డి నాకు నిజామాబాద్ బస్టాండులో చెప్పాడు.

ఆ తర్వాత చాలా ఎన్నికలు చేయించాను. ఖర్చుకు హద్దులు పెట్టిన ఎన్నికలూ చూశాను. లెక్కలు చూపమంటే అందరూ చూపించేవారు, అందరి లెక్కా హద్దు లోపలే ఉండేది, అందరి విందులూ బయట నడుస్తూనే ఉండేవి. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఒకటే. పెట్టేవాడికి ఎన్ని హద్దులు గీసినా దాటడానికి వాడికో బామ్మర్ది ఉంటాడు. పుచ్చుకునేవాడి చెయ్యి ఒక్కసారైనా పైన ఉంటే, ఆ తర్వాత బండిని వెనక్కి పంపడానికి అధికారి అవసరం ఉండదు.